సున్నం గీతల కారు

ఆ ఆదివారం పొద్దున సోమేశ్వర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంటి ముందు వాకిట్లో సున్నంతో ఒక కారు గీయించాలి. అందులో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాలి. పట్టారా, సరే, మర్నాడు వరంగల్ పోయి అంబాసిడర్ బేరం ఖాయం చేసుకోవాలి. పట్టకపోతే ఏం చేయాలో ఆయన ఆలోచించలేదు. బస్తాలో పట్టనని మొరాయించిన మిర్చిని కాలితో తొక్కి పట్టించే వ్యాపారంలో ముప్పై ఏళ్ళు ఉన్నవాడికి అలాంటి ఆలోచన రాదు.

కేసముద్రం మార్కెట్లో, ఇంటిని ఆనుకునే ఆయన అడ్తి దుకాణం. రైతులు బండ్ల మీద తెచ్చిన వడ్లూ మిర్చీ దించుకుని, తూచి, అమ్మిపెట్టడం అక్కడి పని. తూచి తూచి ఆయనకు కంటిని నమ్మే గుణం పోయింది. ఏదైనా సరే కొలవాలి, లేదా తూచాలి. పెళ్ళిచూపులకు వచ్చిన రోజున తమ ఇంటి అరుగును జానలతో కొలిచాడని ఆయన భార్య భాగ్యలక్ష్మి ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఎందుకు కొలిచాడో ఆయనకే తెలియదు.

కారు మాట కూడా ఊరికే పుట్టలేదు. అంతకు ముందు నెల జనగామలో దగ్గరి బంధువుల పెళ్ళికి ఇంటిల్లిపాదీ లారీలో పోయారు. మిర్చి బస్తాలు దించి వచ్చిన లారీ అది. ఊడ్పించి, కడిగించి, పైన జంపఖానా పరిపించాడు సోమేశ్వర్. అయినా ఘాటు ఘాటే. సరిగ్గా తాళి కట్టే వేళకు ఆయన తల్లి బుచ్చమ్మ తుమ్మింది. ఆమె వెనక మనవలు, మనవల వెనక కోడళ్ళు అందుకున్నారు. తుమ్ము అపశకునమని పంతులు ఆగాడు. ఆగిన ప్రతిసారీ ఇంకొకరు తుమ్మారు. ముహూర్తం దాటిపోతుందని పెళ్ళివారు చివరికి వీళ్ళందరినీ పందిరి బయటికి పంపి తాళి కట్టించారు. ఇల్లు చేరగానే సోమేశ్వర్ కారు కొంటున్నానని చెప్పాడు.

చిన్నకార్లు అప్పుడే కొత్తగా రోడ్డెక్కిన కాలం. ఆయన తరువాతివాడైన నడిపి తమ్ముడు ప్రకాశం మెల్లగా అన్నాడు, "అన్నా, గా కొత్త మారుతి మంచిగున్నదంటున్నరు. నలుగురు నలుగురు చొప్పున మూడు మార్లు తిరిగితే అయిపాయె."

సోమేశ్వర్ తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. "మూడు మార్లేంది ప్రకాశం? మూడిండ్లా మనయి?" అన్నాడు.

ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరూ చిన్నకారు మాట ఎత్తలేదు. ఎందుకంటే తండ్రి పోయేటప్పుడు పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని అడిగింది ఒకటే, ఇంట్లో ఒక్క పొయ్యే వెలగాలని. సోమేశ్వర్ మాటిచ్చాడు. ముగ్గురన్నదమ్ములు, ముగ్గురు కోడళ్ళు, ఐదుగురు పిల్లలు, తల్లి, మొత్తం పన్నెండుగురు ఆనాటినుంచీ ఒకే పొయ్యి మీది అన్నం తింటున్నారు. తన బతుకులో తను సాధించింది అదొక్కటేనని ఆయన గట్టి నమ్మకం. మిగతాదంతా వ్యాపారం. కనుక కొంటే పన్నెండుగురూ ఒక్కసారే పట్టే కారు కొనాలి, లేదంటే లారీలోనే తుమ్ముకుంటూ తిరగాలి.

కొలతలు మానుకోటలో దొరికాయి. అక్కడ ఒక డాక్టరుగారికి అంబాసిడర్ ఉంది. సోమేశ్వర్ బస్తాలు కుట్టే సుత్లితాడు జేబులో వేసుకుని దవాఖానకు పోయి, లేని కడుపునొప్పి చూపించుకుని, బయటికి వచ్చేటప్పుడు కారు తలుపు తీసి సీట్లు కొలుచుకున్నాడు. ముందు సీటుకో ముడి, వెనక సీటుకో ముడి, కాళ్ళు పెట్టుకునే జాగాకో ముడి. డాక్టరు రాసిన మాత్రలు పారేయడానికి మనసొప్పక అవి కూడా మింగాడు.

ఆదివారం పొద్దున దుకాణం హమాలీ యాకయ్య ఆ తాడు పరిచి, దాని వెంట సున్నం పోశాడు. చూస్తుండగానే వాకిట్లో ముందొక గడి, వెనకొక గడి, మధ్యలో అడ్డగీత లేచాయి.

"అందరు రాండ్రి. స్టీరింగుకు ఒక పల్లెం పట్టుకరాండ్రి," అని సోమేశ్వర్ కేకేశాడు.

ముందు గడిలో కుడివైపు చిన్నతమ్ముడు జగన్మోహన్ కూర్చున్నాడు. ట్రాక్టరు మీద నేర్చినా ఇంట్లో డ్రైవింగు వచ్చినవాడు అతనొక్కడే. చేతిలో ఇత్తడి పళ్ళెం. అతని పక్కన బుచ్చమ్మ, ఆమె పక్కన సోమేశ్వర్. వెనక గడిలో ప్రకాశం, ముగ్గురు కోడళ్ళు. పిల్లలు ఒళ్ళలో. ఒళ్ళో కూర్చున్నవాళ్ళకు కారులో చోటు అక్కరలేదని సోమేశ్వర్ లెక్క.

బుచ్చమ్మ మోకాళ్ళు వంగవు. కాళ్ళు బారచాపింది. అవి గీత దాటి బయటికి పోయాయి.

"అమ్మా, నీ కాళ్ళు ఇంజన్లకు పోయినయి. జర ముడుచుకో."

"ముడుచుకునేటట్టుంటె నీ కారెందుకు బిడ్డా, నడిచే పోదును," అంది బుచ్చమ్మ.

వెనక గడిలో ఇంకో రగడ. ప్రకాశం భార్య సరళకు బస్సెక్కితే వాంతులు. "నాకు అంచుకే గావాలె బావా. నడుమ కూసుంటె కడుపుల తిప్పుతది," అంటుంది. చంటిపిల్లతో ఉన్న శశికళ, అంటే జగన్మోహన్ భార్య, రెండో అంచు వదలదు. నడుమ మిగిలిన భాగ్యలక్ష్మి నిండుగా ఉంటుంది. ఆమె కూర్చునేసరికి పక్కనున్న ప్రకాశం ముందుకు, అడ్డగీత మీదికి జరిగాడు, ఊపిరి పీల్చుకునేసరికి గీత అవతలికి పోయాడు.

"నువ్వు జర సగం జరుగు," అన్నాడు సోమేశ్వర్ భార్యతో.

"ఎటు జరుగుదు? పెండ్లినాడు గింత లేను. అప్పుడు కొనకపోతిరి," అంది ఆమె.

ఇంతలో జగన్మోహన్‌కు హుషారొచ్చి పళ్ళేన్ని గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. "గట్ల తిప్పితే అందరం బాయిల పడ్తం. ఇటియ్యి," అని సోమేశ్వర్ పళ్ళెం గుంజుకున్నాడు. పట్టుకోవడం ఎట్లాగో చూపాడు. జగన్మోహన్ మళ్ళీ గుంజుకున్నాడు. బుచ్చమ్మ మధ్యలో చేతులడ్డం పెట్టింది. పిల్లలు ఏడ్చారు. కారు బయలుదేరకముందే అంత ప్రయాణం జరిగింది.

ఇక్కడ కథను కొంచెం ఆపి, రోడ్డు దాటి ఎదుటి అరుగు మీదికి పోవాలి. ఆ అరుగు రాజయ్యది. ఆయనా అడ్తి వ్యాపారే, మార్కెట్ వ్యాపారుల్లో పెద్దతలకాయ. అప్పుడు వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు. రోడ్డు మీద ట్రాక్టర్లు పోతున్నాయి కాబట్టి ఆయనకు ఒక్క మాటా వినబడలేదు. కనబడింది మాత్రం అంతా కనబడింది.

ఆ ప్రాంతంలో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఒక పద్ధతుంది. వాకిట్లో సున్నం గీతలు పడతాయి. ఇంట్లో ఇత్తడి సామానంతా బయటికి వచ్చి కుప్పలవుతుంది. తల్లిని నడుమ కూర్చోబెట్టి ఎటువైపు ఉంటావని అడుగుతారు. రాజయ్య చూసిన వాకిట్లో గీతలున్నాయి, అన్నదమ్ములు గడులు పట్టుకుని కూర్చున్నారు, తల్లి నడుమ ఉంది, కోడళ్ళు చేతులు తిప్పుతూ కొట్లాడుతున్నారు. పక్కనే చింతపండుతో తోమి ఎండకు బోర్లించిన ఇత్తడి గిన్నెలు మూడు కుప్పలుగా మెరుస్తున్నాయి. ప్రతి ఆదివారం ముగ్గురు కోడళ్ళూ తలా కొన్ని తోముతారు, ఎవరు తోమినవి వాళ్ళు విడిగా ఆరబెడతారు. ఆ సంగతి రాజయ్యకు తెలియదు. పైగా పెద్దోడూ చిన్నోడూ పళ్ళెం కోసం గుంజులాడుకోవడం ఆయన రెండు కళ్ళతో చూశాడు. నోట్లో వేపపుల్ల జారి కిందపడింది.

పోయి అడగవచ్చు కదా అంటే, ఇల్లు చీలుతుంటే ఎందుకని అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. అడగకుండానే తెలుసుకోవాలి, తెలిసినట్టు కనబడకుండానే నలుగురికీ చెప్పాలి. రాజయ్య మర్యాదస్తుడు. భార్యకు చెప్పాడు, చాయ్ హోటల్లో చెప్పాడు, పొద్దుటి ప్యాసింజరుకు స్టేషన్ ఘన్‌పూర్ పోతున్న బామ్మర్దికి చెప్పాడు. ఆ తరువాత స్నానం చేసి సోమేశ్వర్ ఇంటికి వచ్చి, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ధైర్యంగ ఉండు సోమన్నా. ప్రతి ఇంట్ల ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే."

"అవు రాజన్నా," అన్నాడు సోమేశ్వర్, కారు ఖర్చు తలుచుకుని. "ఎన్నిరోజులని ఆపుకుంటం."

రాజయ్య పైకండువాతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. తన కారు ఖర్చుకు ఎదుటి దుకాణంవాడు ఏడవడం చూసి సోమేశ్వర్ నివ్వెరపోయాడు. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్ళూ పోటీదారనుకున్నానే అని మనసులో నొచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం దాటాక రెండో ఆశ్చర్యం మొదలైంది. సోమవారం మార్కెట్‌కు ఆదివారం నుంచే బండ్లు వస్తాయి. తాతల కాలం నుంచీ సోమేశ్వర్ ఇంటి ముందే ఆగే బండ్లు ఆవేళ ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి రాజయ్య దుకాణం వైపు మళ్ళుతున్నాయి. రాజయ్య కన్నీళ్ళు ఇంకా ఆరినట్టు లేవు, అయినా బస్తాలు దించుకుంటున్నాడు. సోమేశ్వర్ కాళ్ళకు చెప్పులు లేకుండానే రోడ్డు మీదికి పరుగెత్తి, ముత్యం బండికి అడ్డం నిలబడ్డాడు. ఆ రైతు మిర్చి ఏనాడూ సోమేశ్వర్ దుకాణం తప్ప ఇంకో గడప ఎక్కింది లేదు.

"ఏం ముత్యం, తొవ్వ తప్పినవా?"

ముత్యం తల దించుకున్నాడు. "ఏమనుకోకు సేటు. మీ ఇంట్ల సంగతి ముందుగాల తేలనియ్యిండ్రి. తేలినంక నీ తాన్నే దించుత."

ఎడ్లు కదిలాయి. పెద్ద కారా చిన్న కారా తేలేదాకా ముత్యం మిర్చి ఎందుకు అమ్ముకోకూడదో ఎంత ఆలోచించినా సోమేశ్వర్‌కు అంతుబట్టలేదు. రైతుల సొమ్ముతో సేటు కార్లు కొంటున్నాడని కోపమేమో అనిపించి సిగ్గుపడ్డాడు. కారూ వద్దు, గీరూ వద్దు అనుకుంటూ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు.

రాజయ్యతో పాటు మరో ఇద్దరు వచ్చారు. ఉతికిన ధోవతులు, మడతపెట్టిన కండువాలు, గంభీరమైన ముఖాలు. సున్నం గీతలు తొక్కకుండా చాపలు వేసుకున్నారు. భాగ్యలక్ష్మి చాయ్ ఇచ్చింది. ఊళ్ళో ఏ ఇంట్లో ఏం కొన్నా సలహా చెప్పడానికి నలుగురు రావడం కొత్తకాదు కాబట్టి సోమేశ్వర్‌కు ధైర్యం చిక్కింది.

"గీతలు నువ్వే గీయించినవా?" అని అడిగాడు అందరిలోకి పెద్దాయన.

"నేనే. కొలిచి గీయించిన. అంగుళం తేడా రాదు."

"ఎవలెవలు ఎటు దిక్కు?"

"ముంగటిది నాది, అమ్మది, చిన్నోనిది. ఎనుకది నడిపోనిది, ఆడోళ్ళది."

పెద్దాయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఆడోళ్ళందరు నడిపోని దిక్కా?"

"ఇంకేడ కూసోవెట్టాలె? పిల్లలు ఒళ్ళల్ల."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎన్నో ఇండ్ల పంపకాలు చేసిన పెద్దాయనకు ఇట్లాంటి పంపకం ఎక్కడా ఎదురుకాలేదు. ఆయన ప్రకాశాన్ని చూశాడు. ప్రకాశం నేల చూస్తున్నాడు. అది సిగ్గనుకుని పెద్దాయన దేవుణ్ణి తలుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వీధి మలుపులోంచి ఏడుపు వినబడింది. సోమేశ్వర్ చెల్లెలు కస్తూరి, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇచ్చిన పిల్ల, సాయంత్రం ప్యాసింజరు దిగి పరుగున వస్తోంది. పొద్దున ఆ బామ్మర్దితో బయలుదేరిన వార్త స్టేషన్ స్టేషన్‌కూ ఒళ్ళు చేసింది. నెక్కొండ దాటేసరికి అన్నదమ్ములు తిట్టుకున్నారు, వరంగల్‌లో పళ్ళెం లేచింది, ఘన్‌పూర్‌లో దిగేసరికి పెద్దోడి తల పగిలింది. కస్తూరి వస్తూనే అన్న తల పట్టుకుని వంచి, జుట్టు పాయలు తీసి వెతకసాగింది.

"ఏడ కుట్లేసిన్రన్నా?"

"ఏం కుట్లు?"

"చిన్నోడు పల్లెంతోని కొట్టిండట గద. వేరువడుతున్నమని నాకొక్క మాట చెప్తే నేనేమన్న అడ్డమొస్తునా? నాయిన పోయినంక నాకీ ఇల్లు లేకుంటనే పోయెనా?"

సోమేశ్వర్ తల చెల్లెలి చేతుల్లోంచి విడిపించుకుని చుట్టూ చూశాడు. గీతలు చూశాడు, మూడు గిన్నెల కుప్పలు చూశాడు, పళ్ళెం చూశాడు, ఉతికిన ధోవతులు చూశాడు. పొద్దుటినుంచీ ఊరంతా ఏం చూసిందో అప్పుడు ఆయనకు కనబడింది.

ఆ వెంటనే నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ముడుల తాడు తెచ్చి చూపించాడు, మానుకోట దవాఖాన కథ చెప్పాడు, ముందు గడిలో కూర్చుని పళ్ళెం తిప్పి చూపాడు. రాజయ్య ముఖం ముడుచుకుపోయింది. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. కస్తూరి ఏడుస్తూనే నవ్వింది. భాగ్యలక్ష్మి రెండోసారి చాయ్ పెట్టడానికి లేచింది.

"మేము వేరువడుడేంది రాజన్నా," అన్నాడు సోమేశ్వర్ కళ్ళు తుడుచుకుంటూ. "గీ జన్మల గది గాదు. అడుగు, మా ప్రకాశాన్ని అడుగు."

ప్రకాశం నవ్వడం లేదు.

"అన్నా," అన్నాడు, నేల మీదినుంచి చూపు ఎత్తకుండా. "పెద్దమనుషులు ఎట్లాగు వచ్చిన్రు."

తనకు సరిగా అర్థం కాలేదనుకున్నాడు సోమేశ్వర్. "వస్తే?"

"వచ్చిన్రు గద. మల్ల మల్ల పిలుసుడెందుకని." ప్రకాశం ఇక ఆగలేదు. "ఎన్నేండ్లసందో అడుగుదమనుకుంటున్న, నోరు రాలె. నా బిడ్డకు చెప్పులు కొనాలంటె ఐదుగురు పిల్లలకు కొనాలె. కొనకుంటె తప్పు, కొంటె షోకు. నా కష్టమేదో నా సుఖమేదో నాకే తెలుస్తలేదన్నా."

సోమేశ్వర్ ఉన్న గడిలోనే కూలబడ్డాడు. ఆసరా కోసం చిన్నతమ్ముడి వైపు తిరిగాడు. జగన్మోహన్ పళ్ళేన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నాకు గూడ సమ్మతమే అన్నా."

"నీకెప్పటిసంది?"

"పెండ్లైనప్పటిసంది."

శశికళ తలుపు చాటునుంచి అందుకుంది. భూపాలపల్లిలో ఆమె పుట్టింటివాళ్ళు అల్లుణ్ణి పండుగకు పిలవడం మానేసి మూడేళ్ళయిందట. అల్లుణ్ణి పిలిస్తే పన్నెండుగురు వస్తారు. పిలవకపోతే ఊళ్ళో తలెత్తుకోలేరు. "మా నాయిన ఊళ్ళె లేనని చెప్పిచ్చి, పండుగంత పొలం కాడ పండుకుంటుండు బావా," అంది.

ఇంకా భార్య ఉంది కదా అన్న ధైర్యంతో సోమేశ్వర్ వంటింటి వైపు చూశాడు. "విన్నవా వీళ్ళ మాటలు?"

"విన్న," అంది భాగ్యలక్ష్మి, చాయ్ గిన్నె పట్టుకుని గడపలో నిలబడి. "నేను కాకరకాయ కూర తిని ఎన్నేండ్లయిందో మీకు తెలుసా? పిల్లలకు చేదు, అత్తమ్మకు పడదు, ప్రకాశం వాసన చూస్తెనే లేసిపోతడు. నేను వండని కూర లేదు, నాకిష్టమైన కూర వండింది లేదు. ఇగ నా పొయ్యి నాకియ్యిండ్రి."

ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషికి కాకరకాయ ఇష్టమని ఆయనకు ఆ నిమిషం దాకా తెలియదు. ఎవరైనా అడిగితే వంకాయ అని చెప్పి ఉండేవాడు. ఆ సంగతి అన్నిటికంటే ఎక్కువగా తగిలింది. చివరికి పాకుతున్నట్టుగా పోయి తల్లి చాచిన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వన్న చెప్పు. నాయినకు మాటిచ్చిన. ఒక్క పొయ్యే ఉండాలన్నడు."

బుచ్చమ్మ కొడుకు తల నిమిరింది. "అన్నడు బిడ్డా. గా పొయ్యి ముంగట కూసున్నది ఆయన గాదు గద." మళ్ళీ అంది, "నాకు గూడ ఒక చిన్న పొయ్యి పెట్టుండ్రి. మనసైనప్పుడు ఇంత చాయ పెట్టుకుంట."

పెద్దమనుషులు దగ్గారు. కస్తూరికి ఇంకా అయోమయం తీరలేదు. "మరి గిన్నేండ్లు ఎవలు ఎందుకు చెప్పలె?" అని అడిగింది.

"ఆయన గుండె పగులుతదని," అంది భాగ్యలక్ష్మి. ప్రకాశం తల ఊపాడు. జగన్మోహన్ ఊపాడు. తలుపు చాటున గాజులు కూడా అవునన్నాయి. తనే వీళ్ళందరినీ పట్టి ఉంచుతున్నానని ఇన్నేళ్ళూ సోమేశ్వర్ అనుకున్నాడు. తన మనసు కష్టపడుతుందని వీళ్ళే తనను మోస్తూ వచ్చారని ఆ సాయంత్రం తెలిసింది. కోపం రావాలో సంతోషపడాలో తెలియక ఆయన పైకండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడుస్తున్నంతసేపూ ఎవరూ గిన్నెల వైపు చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు పని ముగిసింది. దుకాణం ఉమ్మడిగానే ఉంచారు, లేకపోతే బండ్లన్నీ ఎదుటింటికే పోతాయని సోమేశ్వర్ ఆ ఏడుపులోనూ మర్చిపోలేదు. ఇల్లు పంచడానికి కొలత కావలసి వస్తే ఆయన సుత్లితాడే వాడారు. గిన్నెలు ఉన్న కుప్పలు ఉన్నట్టే లోపలికి పోయాయి. అందరికంటే గట్టిగా ఏడ్చిన కస్తూరి, ఎట్లాగూ పంచుతున్నారు కదా అని నాయిన రాగి గంగాళం అడిగి తీసుకుంది. ఆ రాత్రి ఒక పొయ్యి ఉన్న ఇంట్లో నాలుగు వెలిగాయి. భాగ్యలక్ష్మి కాకరకాయ వండింది. సోమేశ్వర్ ముద్ద మింగి, బాగుందని ఒప్పుకోవడం ఇష్టంలేక రెండోసారి వడ్డించుకున్నాడు.

పెద్దకారు బేరం అక్కడితో పోయింది. తనూ, భార్య, ఇద్దరు పిల్లలు, నలుగురికి అంబాసిడర్ ఏం చేసుకోవాలి? మనసు చంపుకుని చిన్నకారుకు పేరు రాయించాడు. మళ్ళీ వడ్లు మార్కెట్‌కు వచ్చే కాలానికి అది వచ్చింది. ఎర్రగా, చిన్నగా, సరిగ్గా నలుగురికి సరిపోయేటట్టు వాకిట్లో నిలబడింది. దాన్ని చూసినప్పుడల్లా సోమేశ్వర్‌కు ఇల్లు ఎంత చిన్నదైపోయిందో అనిపించేది.

పాలకుర్తి సోమేశ్వర స్వామికి చూపించి తీసుకొద్దామని ఒక సోమవారం ప్రయాణం పెట్టుకున్నాడు. నలుగురే. కాని ఆయనకు డ్రైవింగు రాదు కాబట్టి జగన్మోహన్‌ను రమ్మన్నాడు. జగన్మోహన్ వస్తే శశికళ, చంటిది వచ్చారు. కొడుకు పేరున్న దేవుడి దగ్గరికి నేను రాకపోతే ఎట్లాగని బుచ్చమ్మ ముందు సీటులో కూర్చుని కాళ్ళు చాపింది. తోడికోడళ్ళిద్దరూ పోతుంటే ఇంట్లో ఏం చేస్తానని సరళ వచ్చింది. ఆమె వెనక ఆమె పిల్లలు, పిల్లల వెనక "ఊకెనే చూద్దమని" ప్రకాశం.

ఇదంతా సోమేశ్వర్ చూడలేదు. ఆయన వంగి చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, నడుము పట్టుకుని లేచేసరికి కారు నిండిపోయి ఉంది. అద్దాల్లోంచి మోచేతులు, మోకాళ్ళు, ముఖాలు కనబడుతున్నాయి. ఎవరి కాలు ఎవరిదో తెలియడం లేదు. లోపల నవ్వులు, అరుపులు, చంటిదాని ఏడుపు. ఆయన చుట్టూ తిరిగి ఒక్కో తలుపూ తీయబోయాడు. తీస్తే ఎవరో ఒకరు కిందపడతారని లోపలివాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. వేరుపడ్డ నాటినుంచీ ఇంత సంతోషం ఆయనకు కలగలేదు, ఇంత దిగ్భ్రమా కలగలేదు.

భాగ్యలక్ష్మి ఎక్కడినుంచో తల కొంచెం బయటికి పెట్టింది. "ఇగ జాగ లేదు గని, మీరు బస్సుల రాండ్రి. పూజ సామాను మా తాన్నే ఉన్నది. జల్ది రాండ్రి, మీరొచ్చేదాక ఆపుతం."

కారు మూలిగి, కదిలి, పదకొండుగురిని మోసుకుంటూ మలుపు తిరిగిపోయింది. సోమేశ్వర్ చేతిలోని హారతి పళ్ళెం యాకయ్యకిచ్చి, చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

పాలకుర్తి పోవడానికి ఎక్కాల్సిన తొర్రూరు బస్సు ఆ పూట ఖాళీగా వచ్చింది.